ముహూర్తాన్ని బట్టి పూలు: తిరుపతి, చిత్తూరు పెళ్లిళ్లకు పూలు ఎంచుకునే తీరు

పెళ్లికి పూలు మాట్లాడడానికి వెళ్లేవారు ఈ మధ్య ఫోనులో నాలుగైదు బొమ్మలు పెట్టుకుని వెళుతున్నారు. ఎవరిదో మండపం, ఎవరిదో జడ, ఎక్కడో చల్లని హాలులో తీసిన దండలు అందులో ఉంటాయి. ఇలాగే కావాలంటే పూలంగడివారు కాదనరు, సరేనంటారు. అయితే ఆ పువ్వు మన పెళ్లి జరిగే నెలలో దొరుకుతుందా, మన ముహూర్తం వేళకు విచ్చి ఉంటుందా, వాడి ఉంటుందా అన్నది బొమ్మ చెప్పదు. అందుచేత పూలంగడికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండవలసిన మొదటి కాగితం లగ్నపత్రిక. తేదీ, ముహూర్తపు గంట, కల్యాణమండపం తాళాలు మన చేతికి వచ్చే సమయం, ఈ మూడూ తెలిసిన తరువాతే పువ్వు మాట ఎత్తాలి.

మన వైపు పెళ్లిళ్లలో ఎక్కువ భాగం ముందురోజు సాయంత్రం రిసెప్షను, మరునాడు తెల్లవారుజామునో పొద్దుననో ముహూర్తంగా జరుగుతాయి. అంటే ఒకే పెళ్లికి రెండు పూటల పూలు కావాలి, ఆ రెండు పూటలకూ ఒకే పువ్వు సరిపడదు. ఇందుకు మల్లెను మించిన ఉదాహరణ లేదు. మల్లెమొగ్గను తెల్లవారకముందే కోస్తారు. పగలంతా మొగ్గగానే ఉండి, ఆ సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుని, రాత్రి మొదటి జాములో నిండుగా పరిమళిస్తుంది. తెల్లవారేసరికి రేకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. కనుక రిసెప్షనుకు మల్లె అమృతమే, మరునాటి అయిదు గంటల ముహూర్తానికి మాత్రం అది నిన్నటి పువ్వు.

ఈ సంగతి నేను తెలుసుకున్నది మా అక్క కూతురి పెళ్లిలో. వైశాఖమాసం, తిరుపతి ఎండ, తెల్లవారుజామున ముహూర్తం. మల్లెమొగ్గలతో నిండుగా కుట్టిన పూలజడను ముందురోజు మధ్యాహ్నానికే తెప్పించి, వచ్చిన ప్రతివారికీ మురిపెంగా చూపించాము. పెళ్లికూతురు పీటలమీద కూర్చునే వేళకు ఆ జడ టీ మరక పడిన గుడ్డలా కనిపించింది. కుట్టినవారి తప్పు ఏమీ లేదు. ఎప్పుడు కావాలో మేమే సరిగా చెప్పలేదు. ఆ పొద్దున మండపం బయట పూలు అమ్ముతున్న పెద్దావిడ నా ముఖం చూసి, "తెల్లారి ముహూర్తానికి మల్లి నిలస్తాదా సామీ, కనకాంబరం ఎత్తుకోని పోకూడదా" అన్నది. అప్పటినుంచి మా ఇంట ఏ పెళ్లి జరిగినా పూల బాధ్యత నాకే అప్పగిస్తున్నారు. ఒకసారి తప్పు చేసినవాడు రెండోసారి చేయడని కాబోలు.

కనకాంబరానికి వాసన లేదు, కాని బరువూ లేదు, నిలకడ ఉంది. ముందురోజు కట్టిన మాల మరునాడు మధ్యాహ్నం వరకు రంగు చెడకుండా ఉంటుంది. దానికి వాసన కావాలంటే మధ్యమధ్య మరువమో దవనమో వేసి కట్టించుకోవచ్చు. నారింజ రంగు నడుమ పచ్చని ఆకు కంటికీ బాగుంటుంది. ఉదయపు ముహూర్తానికి మల్లె వాసన లేకుండా కుదరదని ఇంట్లో పట్టుబడితే, జడకు కనకాంబరమూ చామంతీ రోజా రేకులూ వాడి, మల్లెను విడిగా నాలుగు మూరలు మాత్రం చల్లగా దాచిన మొగ్గలతో తెల్లవారుజామున కట్టించి పెట్టుకోవడం మేలు. అంతే కాని జడంతా మల్లెతో కుట్టించి ప్రార్థన చేస్తూ కూర్చోకూడదు.

గంట తేలిన తరువాత నెల చూడాలి. మాఘ ఫాల్గుణాల్లో రాత్రుళ్లు చల్లగా ఉంటాయి కనుక రోజాలు పెద్దవిగా, గట్టి రేకులతో వస్తాయి. బంతి, చామంతి ఇంకా దొరుకుతాయి. మల్లెకు బదులు కాకడాలు ఉంటాయి. వైశాఖ జ్యేష్ఠాల్లో మల్లె రాశులు పోస్తుంది, కాని ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో మిగిలిన పూలన్నీ చిక్కిపోతాయి. శ్రావణానికి జాజుల కాలం. కార్తీక మార్గశిరాలు చామంతికీ బంతికీ పండుగ. చామంతి పగటి వెలుగు తగ్గినప్పుడు మొగ్గ తొడిగే మొక్క. పగటి వెలుగు పెరిగే నెలల్లో చామంతి అడిగితే దొరకదని కాదు, ధర వేరుగా ఉంటుంది. మల్లె మాత్రం చలికాలంలో బహుస్వల్పం. డిసెంబరు పెళ్లికి మల్లె మండపం కావాలనుకునేవారు ఆ డబ్బుతో మరొక వంటకం పెట్టించడం మంచిదని నా అభిప్రాయం.

కార్తీకంలో మరొక చిక్కు వాన. మన రెండు జిల్లాలకూ ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగిన సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు. వానలో కోసిన పువ్వు నీరు తాగి బరువు తూగుతుంది, కిలో లెక్కన కొనేవారికి నష్టం, పైగా బుట్టలో ఒక్క రాత్రికే కుళ్లు పడుతుంది. ఆ నెలల్లో పందిరికి విడిపూలు ముందుగా కొని పెట్టుకోకుండా, వాన తెరిపి ఇచ్చిన పూట కోసినవే తెమ్మని చెప్పాలి. ఎట్టి పరిస్థితిలోనూ వాకిట తోరణానికి మామిడాకు, అరటి పిలకలు ఎక్కువగా, పువ్వు తక్కువగా ఉండేలా చూసుకుంటే వాన వచ్చినా పరువు దక్కుతుంది.

నెలతో పాటు పంచాంగంలో చూడవలసినది మన ముహూర్తం ఒక్కటే కాదు. మనకు పూలు వచ్చే దారుల్లోనే చెన్నైకీ బెంగుళూరుకీ పూలు పోతాయి. కుప్పం, పలమనేరు వైపు పడమటి మండలాల రైతుకు ఏ ఊరు ఎక్కువ ధర ఇస్తే సరుకు ఆ ఊరికే చేరుతుంది. కనుక తమిళుల ముహూర్తపు రోజు మనకు ముహూర్తం కాకపోయినా ధర పెరుగుతుంది. వరలక్ష్మీవ్రతం ముందు రెండు రోజులు, వినాయకచవితి, ఆయుధపూజ సంగతి అందరికీ తెలిసినదే. తమిళ ఆడిమాసంలో అరవవారు పెళ్లిళ్లు చేయరు కాబట్టి పూలు చౌక అవుతాయని కొందరు లెక్క వేస్తారు. అది సగమే నిజం. ఆ నెల శుక్రవారాలు అమ్మవారి గుళ్లకు పూలు పోతాయి. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు పూలకావళ్లు మోసేవారు మన చిత్తూరు పల్లెలనుంచే వేలల్లో వెళతారు. ఆ వారంలో శ్రావణ ముహూర్తం పడితే బంతీ చామంతీ ముందే మాట్లాడి, బయానా ఇచ్చి ఉంచాలి. మేనెలలో తిరుపతి గంగజాతర రోజులూ అంతే.

ఇక కొలతలు. మన అంగళ్లలో కట్టిన పూలు మూరల్లో, విడిపూలు కిలోల్లో అమ్ముతారు. మోచేతినుంచి మధ్యవేలి కొసవరకు మూర, సుమారు అడుగున్నర. నాలుగు మూరలు ఒక బార. అయితే మూర వేసే చేయి ఎవరిదన్న దాన్నిబట్టి పొడుగు మారుతుంది, ఆ చేయి ఎంత వేగంగా కదులుతున్నదన్న దాన్నిబట్టి మరింత మారుతుంది. పెద్ద మొత్తంలో తీసుకునేటప్పుడు అడుగుల్లో మాట్లాడుకుంటే ఇరుపక్షాలకూ తగువు ఉండదు. నాలుగు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉన్న వాకిలికి మూడు వైపులా కలిపి పద్దెనిమిది అడుగులు, అంటే పన్నెండు మూరలు. వంపుగా వేలాడాలంటే మరొక మూరో రెండో కలుపుకోవాలి. వచ్చే ఆడవారికి తలకొక మూర పంచాలనుకుంటే నూట అరవై మందికి నలభై బారలు. మూరతో పాటు అడగవలసిన మరొక మాట, ఎంత దగ్గరగా కడతారని. ఎడంగా కట్టిన రెండు మూరల కంటే ఒత్తుగా కట్టిన ఒక మూరలోనే పూలు ఎక్కువ ఉండవచ్చు. ఆడవారి జడలోకి ఇచ్చే మాలను అరటినారతో కట్టించండి. అది మెత్తగా, తడిగా ఉండి పువ్వు తొడిమెను కోయదు. సన్నని నైలాన్ దారం మండపానికి సరే, జుట్టుకు కాదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచన పెట్టవలసినది పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఒంటిమీద ఉండే పూల గురించి. ఇక్కడ అందం కంటే ముందు తంతు చూడాలి. జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు వధూవరుల నడినెత్తి ఖాళీగా ఉండాలి. పాపిడి మీద పెద్ద పూలచక్రం కుట్టించి, ఆ క్షణంలో పురోహితుడు పెట్టమన్న చోట చేయి పెట్టడానికి తావు లేక, పిన్నులు పీకుతూ ఉండగా సుముహూర్తం దాటిపోయిన పెళ్లిళ్లు చూశాను. పూలు చెవుల వెనుకనుంచి జడ మొదటివరకు ఉంటే చాలు. నుదుట బాసికం కట్టే దారం కూడా తలచుట్టూ తిరుగుతుంది, దానికీ చోటు వదలాలి.

మాంగల్యధారణకు వచ్చేసరికి ఆడపడుచు జడను పైకెత్తి పట్టుకోవాలి, పెళ్లికొడుకు మెడ వెనుక మూడు ముళ్లు వేయాలి. అట్టమీద గట్టిగా కుట్టిన, కిలోల బరువైన పూలజడ ఎత్తడానికి లొంగదు. మెడమీద ఒత్తుగా ఉండే పూలదండ ముడివేసే వేళ్లకు అడ్డం. కనుక జడకు వెనుక అట్ట కాక వంగే ఆధారం వేయమనాలి, పైభాగాన పువ్వు పలచగా ఉండాలి. దండను ఆ సమయానికి తీసి మళ్లీ వేయవచ్చు, కాని తీసేటప్పుడు నగలకు చిక్కుకోకుండా లోపలి వైపు తీగ, జరీ, గాజుపూసలు లేని దండ కావాలి. వధువు గంటలకొద్దీ మోయవలసిన దండ ఇది. అంగడిలో మీ మెడలో ఒకసారి వేసుకుని చూస్తే బరువు తెలుస్తుంది. నవ్వేవారు నవ్వనీ.

రంగు కూడా తంతునుబట్టే. మధుపర్కాలు తెల్లనివి, అంచు మాత్రమే ఎరుపో పసుపో. వాటిమీద తెల్లని లిల్లీ దండ వేస్తే ఫొటోలో దండ ఉన్నట్టే ఉండదు. (మన అంగళ్లలో లిల్లీ అంటే ఎక్కువగా నేలసంపంగి, పొడుగు కాడతో వచ్చే పెద్ద లిల్లీ వేరు.) మధుపర్కాల వేళకు ఎర్ర రోజా, మరువం, నడుమ కొద్దిగా తెలుపు ఉన్న దండ తీసుకుని, తెల్లని దండలను రిసెప్షనులో ముదురు రంగు పట్టుచీరకు ఉంచుకోవాలి. వాసన ముఖ్యమనుకుంటే పన్నీరు రోజా చిన్నదైనా పెద్ద రోజాకంటే మేలు. హోసూరునుంచి వచ్చే తాజ్‌మహల్ రకం ఎర్ర రోజాకు రూపం, నిలకడ ఉన్నాయి, పరిమళం మాత్రం అంతంతే.

రంగు అద్దిన పూలతో జాగ్రత్త. మన అంగళ్లలో కనిపించే నీలం చామంతులు, గులాబీరంగు నేలసంపంగులు మొక్కకు పూసినవి కావు, అద్దకంలో ముంచినవి. చెమట తగిలితే ఆ రంగు మధుపర్కంలోకి దిగుతుంది. తడిపిన తెల్లగుడ్డతో ఒక పువ్వును రుద్ది చూస్తే అంగడిలోనే తేలిపోతుంది. తడి బంతిపువ్వు కూడా పట్టుమీద పసుపు మరక వేస్తుంది, కాబట్టి దానిని ఒంటిమీదకు తీసుకోకుండా గుమ్మాలకూ స్తంభాలకూ ఉంచడమే ఉచితం. పెద్ద లిల్లీ పువ్వులు వాడితే లోపలి పుప్పొడి కాడలు తుంపించాలి, ఆ పొడి మరక పట్టుచీరకు పడితే పోవడం కష్టం.

పువ్వు తాజాదనం చూసే తీరు ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. మల్లెమొగ్గ గట్టిగా, పాలతెలుపుగా, తొడిమె పచ్చగా ఉండాలి; తొడిమె దగ్గర ఎరుపు తిరిగితే పాత సరుకు. చామంతిని తలకిందులుగా పట్టి విదిలించండి, రేకులు రాలితే వద్దు. రోజాను రేకుల కింద, కాడ మొదలు దగ్గర రెండు వేళ్లతో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే పై రేకులు ఒలిచి కొత్తదిగా చూపిస్తున్నారని అర్థం. బుట్టలో పైపొర చూసి బేరం చేయకూడదు, చేయి అడుగుకు పోనిచ్చి ఒక గుప్పెడు తీయాలి. వేడిగా తగిలితే లోపల కుళ్లు మొదలైనట్టే.

మండపం అలంకారం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, అది చేసేవారికి మనకంటే బాగా తెలుసు. రెండు మాటలు మాత్రం ముందే ఒప్పించుకోండి. హోమగుండం ఏ వైపు వస్తుందో పురోహితుణ్ని అడిగి, ఆ వైపు స్తంభాలకు మల్లెవంటి సుకుమారమైన పువ్వు కాక చామంతి, బంతి, ఆకు వేయించాలి. పొగకూ వేడికీ అవే తట్టుకుంటాయి. ప్లాస్టిక్ పూలు, థర్మోకోల్ అగ్నికి దగ్గరగా రాకూడదు. చేయి అందని ఎత్తున, పైకప్పు దగ్గర కృత్రిమ పూలు వాడితే నాకు అభ్యంతరం లేదు, అక్కడ పువ్వు నిజమైనదో కాదో పైకి చూసేవారికి తెలియదు. దూరంనుంచి విమానంలో వచ్చే ఆర్కిడ్ పూల మోజు మాత్రం నాకు అర్థం కాదు. పడమటి మండలాల చామంతి పక్కన అవి చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటాయి.

తెచ్చిన పూలను దాచే చోటే చాలా పెళ్లిళ్లలో పొరపాటు జరుగుతుంది. కల్యాణమండపంలో సామాను గది ఒకటే ఉంటుంది. తాంబూలం అరటిపళ్లు, మామిడిపళ్లు, పూలబుట్టలు అన్నీ అందులోనే పెట్టి తాళం వేస్తారు. పండుతున్న పండు విడిచే వాయువు పువ్వును త్వరగా వాడిస్తుంది, రేకులు రాల్చుతుంది. పూలకు వేరే గది, అదీ ఎండ పడని ఉత్తరపు గది చూడాలి. కట్టిన మాలలను తడిపి పిండిన నూలుగుడ్డలోగాని అరటాకులోగాని వదులుగా చుట్టి వెదురుబుట్టలో ఉంచాలి. మల్లెమీద నేరుగా నీళ్లు చల్లకూడదు, చుక్క నిలిచిన చోట మచ్చ పడుతుంది. బిగించిన ప్లాస్టిక్ సంచి అన్నిటికంటే చెడ్డది. మొగ్గలను మరునాటికి నిలపవలసి వస్తే థర్మోకోల్ పెట్టెలో అడుగున మంచు, పైన కాగితం మడతలు, ఆపైన పూలు పెట్టాలి. మంచు పువ్వుకు తగలకూడదు. కాడ రోజాలను వచ్చిన వెంటనే కాడ చివర ఏటవాలుగా కోసి, శుభ్రమైన బకెట్ నీళ్లలో నిలబెట్టాలి.

తిరుమల మీద పెళ్లి చేసుకునేవారికి ఈ చెప్పినదాంట్లో చాలా భాగం అక్కరలేదు. కొండను పుష్పమండపమని పిలుస్తారు. అక్కడి పువ్వంతా స్వామిదేనని ఆడవారు తలలో పూలు పెట్టుకోరు. పాపవినాశనం దారిలో 2016లో తెరిచిన కల్యాణ వేదికలోగాని, మఠాల్లోగాని ముహూర్తం పెట్టుకున్నవారు పూలజడకు బయానా ఇవ్వకముందే, ఏయే పూలు తేవచ్చో, దండల సంగతేమిటో ఆ పెళ్లి జరిపించేవారిని అడిగి తెలుసుకోవాలి. కొండ దిగిన తరువాత తిరుపతిలో విందు ఉంటే జడ సరదా అక్కడ తీర్చుకోవచ్చు.

పూలంగడివారితో మాట ముగించేటప్పుడు ఒక కాగితంమీద పూట, వస్తువు, పువ్వు, మూరలు, తెచ్చే గంట రాసి ఇద్దరూ ఒక్కొక్క ప్రతి ఉంచుకోండి. ఒక పువ్వు దొరక్కపోతే బదులు ఏది తేవాలో కూడా అందులోనే రాయాలి, లేకపోతే తెల్లవారుజామున మీకు నచ్చని రంగు వస్తుంది, అప్పుడు తిరిగి పంపే వీలు ఉండదు. గౌరీపూజకూ పెద్దల చేత అక్షతలతో వేయించడానికీ విడిపూలు రెండు కిలోలు వేరుగా రాయించండి. అలంకారానికి తెచ్చినవారు పూజకు పూలు ఇవ్వమంటే మా లెక్కలో లేవంటారు. వధూవరులు ఆడుకునే పూలచెండు ఒకటి చాలదు, రెండు తెప్పించాలి, పిల్లలు ఒకదాన్ని ముందే విప్పేస్తారు. తెల్లవారుజామున మూడు గంటలకు బుట్టలు దించుకుని మూరలు లెక్కపెట్టే మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పండి. పెళ్లికూతురి మేనమామకు ఆ పని అప్పగించకండి, ఆయనకు ఆ పూట వేరే పనులు ఉంటాయి.

పెళ్లి ముగిసి మండపం ఖాళీ చేసే ముందు, అలంకారంలో పూలకాడలు గుచ్చే ఆకుపచ్చని స్పంజి దిమ్మెలు, నైలాన్ దారాలు విడిగా తీయించి, మిగిలిన పూలను మాత్రమే ఎరువుగుంటకు పంపాలి. ఆ స్పంజి మట్టిలో కలవదు. వధూవరుల దండలను కాళ్లకింద పడనీయకుండా ఇంటికి తెచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో వేయడం మా ఇంటి ఆనవాయితీ. తిరుమల తిరుపతి దేవస్థానంవారు ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయించి 2021 సెప్టెంబరునుంచి అమ్ముతున్నారు; అంత ఏర్పాటు మన చేతిలో లేకపోయినా, వాడిన రోజా రేకులను నీడన ఆరబెట్టి ధూపంలో కలుపుకోవడానికి ఒక పాత చాప, నాలుగైదు రోజుల ఓపిక సరిపోతాయి.